జౌగడ రాయి మీద లేని మాట

అశోకుడి శాసనాల రాయి చూద్దామని జౌగడకి బయల్దేరి, ఒడిశాలోని బరంపురంలో పురుషోత్తంపూర్ బస్సెక్కితే కండక్టరు అడక్కుండానే తరతారిణికి టికెట్టు కొట్టాడు. ఆ దారిన పోయేవాళ్లంతా కొండ మీది అమ్మవారి కోసమే మరి. చైత్రమాసం మంగళవారాల్లో అసలు బయల్దేరకండి, జాతర జనంలో కాలు పెట్టే సందుండదు. పురుషోత్తంపూర్‌లో దిగి జౌగడకి ఆటో మాట్లాడుకునేటప్పుడు రానూపోనూతో పాటు ఆగే టైముకి కూడా ముందే బేరమాడాలి. నేను ఆడలేదు, పిండేశాడు.

ఆటో ఆయన తెలుగువాడే. "అశోకుడు ఇక్కడే కత్తి పారేసి ఏడ్చాడండి. అంతా రాయి మీద రాయించాడు" అన్నాడు.

రాయి మీద ఆ మాటే లేదు. పొద్దుటే చేరితే అక్షరాలు నీడ పట్టి తేలతాయి, మధ్యాహ్నానికి చదునైపోతాయి. అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాల్లో ఇక్కడున్నవి ఒకటి నుంచి పది, ఆ వెంటనే పద్నాలుగు. పదకొండు, పన్నెండు, పదమూడు అసలు చెక్కించనే లేదు. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారు, లక్షన్నర మందిని తరలించుకుపోయారు, అందుకు బాధపడుతున్నానని చెప్పేది ఆ పదమూడే. భువనేశ్వర్ దగ్గరి ధౌళిలోనూ అంతే, చెక్కించలేదు. ఓడినవాళ్ల ముందు ఆ లెక్క అప్పజెప్పడం ఏలుబడికి మంచిది కాదనుకున్నాడేమో.

దాని బదులు విడిగా రెండు శాసనాలున్నాయి. ఇక్కడివి అప్పట్లో ఇక్కడి పట్టణమైన సమాపలోని మహామాత్రులకు, అంటే పెద్ద అధికార్లకు; ధౌళివి అక్కడి తోసలి పట్టణం వాళ్లకు. ఊరికే ఎవర్నీ చెరలో పెట్టి వేధించకండి, కోపం, తొందర, బద్ధకం పనికిరావు, మనుషులంతా నా బిడ్డలే, తిష్య (పుష్యమి) నక్షత్రం నాడు ఇది చదివి వినిపించండి అంటాడు. ఆఫీసు సర్క్యులర్‌లా ఉంటుంది. తూర్పు ప్రాకృతం కనక 'రాజ' కాస్తా 'లాజ' అవుతుంది.

యుద్ధంలో నెత్తురుతో ధౌళి పక్కనున్న దయానది ఎర్రబారిందన్న కథ ఏ శాసనంలోనూ లేదు. కళింగ రాజు పేరూ లేదు. పదమూడో దాంట్లో ఉన్నది మాత్రం మనం చెప్పుకోం: బాధపడుతూనే, నా బలం మర్చిపోకండని అడవి జనాన్ని హెచ్చరిస్తాడు.

ఊళ్లోవాళ్ల లెక్క వేరు. జౌ అంటే లక్క, ఇది లక్కకోట, పాండవులది. అశోకుడి ఊసే లేదు.

"మరి ఆ ఏడుపు ఎక్కడ రాశాడండీ?" అన్నాడు తిరుగుదారిలో.

"మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారి."

కాసేపు మాట్లాడలేదు. పురుషోత్తంపూర్‌లో దిగాక వెయిటింగు డబ్బులడిగాడు.