నా మస్టాంగ్ వెనక ఇరుసు: లిమిటెడ్ స్లిప్ ఎంచుకోవడానికి పడ్డ పాట్లు

నా 1968 ఫోర్డ్ మస్టాంగ్ కారుకు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే ఒక వెనక చక్రం జారినా రెండోదానికి బలం అందించే గేర్ల అమరిక, బిగించడం నిన్నటితో పూర్తయింది. ఒంటి మంట ఇంకా చల్లారలేదు. చల్లారితే సగం విషయాలు దాటవేస్తాను కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

మేము ఉండేది మిషిగన్‌లో. బండి కూడా ఇక్కడి డియర్‌బోర్న్‌లో తయారైనదే. బండి నంబరులో రెండో స్థానంలో ఉన్న ఎఫ్ అక్షరం ఆ సంగతి చెబుతుంది. 302 ఘనపు అంగుళాల ఇంజను, నాలుగు బారెళ్ల కార్బురేటర్. వాన పడ్డ రోజు సిగ్నల్ దగ్గర కాస్త గట్టిగా తొక్కితే చాలు, కుడి వెనక చక్రం ఒక్కటే గిర్రున తిరిగేది, బండి కదిలేది కాదు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ బలాన్ని సమానంగా పంచుతుంది. జారే చక్రం ఎంత తక్కువ బలం పుచ్చుకుంటే, పట్టు ఉన్న చక్రానికీ అంతే అందుతుంది. మాది కృష్ణా జిల్లాలో వ్యవసాయ కుటుంబం. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు చక్రం ఒకటి బురదలో ఊరికే తిరుగుతుంటే నాన్న మడమతో డిఫరెన్షియల్ లాక్ తొక్కడం చూస్తూ పెరిగాను. కాబట్టి రోగం ఏమిటో నాకు వెంటనే తెలిసింది. ఇంట్లో ఒప్పించడం, డబ్బు సర్దుకోవడం వారంలో అయిపోయాయి.

అసలు అవమానం ఇరుసు దగ్గర జరిగింది.

విడిభాగాల దుకాణానికి ఫోను చేస్తే మూడు ప్రశ్నలు అడిగారు. ఎనిమిది అంగుళాల ఇరుసా, తొమ్మిదా (లోపలి పెద్ద పళ్ల చక్రం, క్రౌన్ గేర్, అడ్డకొలత ఇది)? స్ప్లైన్లు, అంటే ఇరుసు కొనన ఉండే పళ్లు, 28 ఉన్నాయా, 31 ఉన్నాయా? గేర్ నిష్పత్తి ఎంత? నాకు బండి అమ్మినాయన ఇచ్చిన కాగితంలో తొమ్మిది అంగుళాలు, 31 స్ప్లైన్లు అని ఉంది. అదే చెప్పి ఆర్డరు ఇచ్చాను. పెట్టె వచ్చింది. బండినీ పెట్టెనూ ఇరుసుల పనికి పేరున్న ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడి పెద్ద మెకానిక్ బండిని పైకెత్తి, డిఫరెన్షియల్ కింది నట్ల మీద సాకెట్ పెట్టాడు. అది సాఫీగా కూర్చుంది. ఆయన నాతో ఒక్క మాట కూడా అనకుండా మిగతా ముగ్గురినీ కేకేసి పిలిచాడు. "ఇది తొమ్మిది అంగుళాలదట, చూడండి" అన్నాడు. అందరూ నవ్వారు. కారణం అడిగితే, "మీలాంటివాళ్లకు కొత్త కారు నయం" అని చెయ్యి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ కారణం చెప్పడానికి అర నిమిషం చాలు. ఫోర్డ్ తొమ్మిది అంగుళాల ఇరుసులో కింది రెండు నట్లకు సాకెట్ సూటిగా పట్టదు, స్పానర్ వాడాల్సిందే. ఎనిమిది అంగుళాలదానిలో అన్నింటికీ పడుతుంది. ఆ ఏడాది మస్టాంగ్‌లలో 390 ఇంజను బండ్లకు తొమ్మిది, 302 బండ్లకు సాధారణంగా ఎనిమిది ఇచ్చేవారు. ఇది నేను తర్వాత వారం రోజులు చదివి తెలుసుకున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో చదువురాని మెకానిక్ కూడా పాడైన బేరింగు చేతిలో పెట్టి, ఇదిగో ఇక్కడ అరిగింది చూడండి అని చూపిస్తాడు. పని తెలిసినవాడికి చూపించే ఓపిక ఉండాలి. ఆ షెడ్డు గడప మళ్లీ తొక్కను, ఎవరినీ పంపను. పెట్టె వాపసు చేస్తే దుకాణం ఇరవై శాతం కోసుకుంది.

ఆ తర్వాత ఎవరి కాగితాన్నీ నమ్మలేదు. డ్రైవరు తలుపు మీది పలకలో ఇరుసు సంకేతం అంకె అయితే మామూలుది, అక్షరం అయితే లిమిటెడ్ స్లిప్. నాది అంకె. డిఫరెన్షియల్ బోల్టు కింద ఒక చిన్న రేకు ఉంటుంది. తుప్పు గోకి చూస్తే 3 00 అని కనిపించింది, అంటే గేర్ నిష్పత్తి 3.00. లిమిటెడ్ స్లిప్ అయితే మధ్యలో ఎల్ ఉండేది. రేకులు మారిపోతుంటాయి కాబట్టి వెనక చక్రాలు రెండూ ఎత్తి, న్యూట్రల్‌లో ఒకదాన్ని చేత్తో తిప్పాను. రెండోది ఎదురు దిక్కుగా తిరిగింది, అంటే మామూలుదే. ఇరుసు బయటికి లాగి, మొదటి పంటికి సుద్ద గీత పెట్టి స్ప్లైన్లు లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది. నమ్మకం కుదరక రెండుసార్లు లెక్కపెట్టాను.

ఏ రకం లిమిటెడ్ స్లిప్ అన్నది తేల్చుకోవడం దీని ముందు తేలిక. క్లచ్ పలకల రకం చవక, విప్పి బాగుచేసుకోవచ్చు. కానీ పలకలు అరుగుతాయి, నూనెలో ప్రత్యేక ద్రవం కలపకపోతే మలుపుల్లో వణుకుతుంది. రెండు చక్రాలనూ కలిపి బిగించేసే లాకర్ రకం సూటిగా సాగే డ్రాగ్ రేసులకు సరే, ఊళ్లో మలుపు తిరిగినప్పుడల్లా టకటకమంటుంది. నేను గేర్ల రకం, ఈటన్ వారి ట్రూట్రాక్ తీసుకున్నాను. లోపలి ఏటవాలు పళ్ల గేర్లు బలం పడగానే తమ గూళ్ల గోడలకు ఒత్తుకుంటాయి, ఆ రాపిడే పట్టు. పలకలు లేవు. మామూలు ఖనిజ గేర్ ఆయిల్ చాలు, సింథటిక్ వద్దని తయారీదారే చెబుతాడు. లోపం ఒకటే: ఒక చక్రం పూర్తిగా గాలిలో ఉంటే రెండోదానికి బలం రాదు, బ్రేకు కొద్దిగా నొక్కాలి. నేను బండిని గాలిలోకి ఎగిరించను.

బిగించింది మరో ఊరి పెద్దాయన. క్రౌన్ పళ్లకు పసుపు రంగు ముద్ద పూసి, తిప్పి, నన్ను దగ్గరికి పిలిచి చూపించారు. పసుపు మధ్య కోడిగుడ్డు ఆకారంలో మెరిసే మచ్చ, పంటికి సరిగ్గా నడుమ. అంచుకు జరిగితే గేర్ ఏడుస్తుందన్నారు. డయల్ గేజి పెట్టి పళ్ల మధ్య సందు అంగుళంలో వెయ్యింట పది వంతులు వచ్చేదాకా సర్దారు. కూలికి పైన నేను ఇచ్చింది తీసుకోలేదు.

నిన్న సాయంత్రం సన్నగా జల్లు పడుతుంటే అదే సిగ్నల్ దగ్గర తొక్కాను. బండి సూటిగా లేచింది, కుడి చక్రం కేక లేదు. తర్వాత మలుపులో కాస్త ఎక్కువ తొక్కేసరికి వెనక భాగం పక్కకు జారింది. ఒక చక్రమే తిరిగినప్పుడు రెండోది బండిని నిలబెట్టేది. ఇప్పుడు రెండూ ఒకేసారి పట్టు వదులుతాయి. తడిలో కాలు తేలిగ్గా పెట్టండి.