క్లారా బార్టన్ గదుల్లో మా పిల్లలు, మా నాన్న

వాషింగ్టన్ వచ్చిన చుట్టాలకి మనం చూపించేవి ఎప్పుడూ అవే. లింకన్ మెమోరియల్, వైట్‌హౌస్ ముందు ఫొటో, విమానాల మ్యూజియం, ఇంకా ఓపిక ఉంటే కాపిటల్. మాచర్ల నుంచి మా నాన్న వచ్చినప్పుడు అవన్నీ మొదటి వారాంతంలోనే చుట్టేశాం. ఆ తర్వాత ఒక శనివారం ఆయన్నీ, పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని ఏడో వీధిలో ఉన్న ఓ చిన్న మ్యూజియానికి వెళ్ళాను. పేరు క్లారా బార్టన్ మిస్సింగ్ సోల్జర్స్ ఆఫీస్. పాతకాలపు ఇటుక భవనంలో మూడో అంతస్తు, కొన్ని గదులు, అంతే. ఫిరంగులుండవు, గుర్రం మీద కూర్చున్న సేనాధిపతుల విగ్రహాలుండవు.

అక్కడికే తీసుకెళ్ళడానికి కారణం ఉంది. మా పెద్దదానికి ఈ ఏడాది స్కూల్లో అమెరికా అంతర్యుద్ధం పాఠం. ఉత్తర, దక్షిణ రాష్ట్రాలు 1861 నుంచి 1865 దాకా కొట్టుకున్న ఆ యుద్ధం గురించి తేదీలు, పేర్లు గడగడా చెప్పేస్తోంది. ఎందుకు కొట్టుకున్నారంటే మాత్రం, "రాష్ట్రాల హక్కుల కోసమట, మా క్లాసులో ఒకడు చెప్పాడు" అంది. ఈ మాట వర్జీనియాలో ఉండే ప్రతి ఇంట్లోకీ ఏదో ఒక రోజు వస్తుంది. ఏ హక్కు కోసం అని వెంటనే అడగడం నేర్పాలి పిల్లలకి. 1861 జనవరిలో దేశం నుంచి విడిపోతూ దక్షిణాది మిసిసిపీ రాష్ట్రం రాసుకున్న ప్రకటన మొదట్లోనే ఉంది, తమ వైఖరంతా బానిసత్వంతోనే ముడిపడి ఉందని. వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పుకున్నాక ఇక మనం సర్దిచెప్పాల్సింది ఏమీ లేదు. అప్పటికి ఈ దేశంలో సుమారు 40 లక్షల మంది బానిసలుగా ఉన్నారు. కారణం అది. ఆ సంగతి ఇంట్లోనే చెప్పి బయల్దేరదీశాను.

క్లారా బార్టన్ పేరు మనలో చాలామందికి అమెరికన్ రెడ్‌క్రాస్ స్థాపించడం వల్ల తెలుసు. అది 1881 నాటి మాట. అంతకు ముందు ఆవిడ పేటెంట్ ఆఫీసులో గుమాస్తా. యుద్ధం మొదలయ్యాక మందులూ, కట్లూ, తిండీ బళ్ళకెత్తించుకుని నేరుగా యుద్ధరంగాలకి వెళ్ళింది. ఈ ఏడో వీధి ఇంట్లో అద్దెకుండేది. యుద్ధం అయిపోయాక అదే ఇంట్లో ఆఫీసు తెరిచింది, తప్పిపోయిన సైనికుల ఆచూకీ కనుక్కోవడానికి.

తప్పిపోవడమేమిటి, సైన్యం దగ్గర లెక్కలుండవా అని మావాడు అడిగాడు. అప్పట్లో సైనికుడి మెడలో పేరున్న బిళ్ళ ఉండేది కాదు. యుద్ధానికి వెళ్ళేముందు కొందరు పేరూ ఊరూ చీటీ మీద రాసుకుని కోటుకి గుచ్చుకునేవాళ్ళట, చచ్చిపోతే ఎవరో గుర్తుపడతారని. ఈ యుద్ధంలో పోయినవాళ్ళు 6,20,000 మంది అని చాలాకాలం అనుకున్నారు. తర్వాత జనాభా లెక్కలు తిరగేసి 7,50,000 దాకా ఉండొచ్చని తేల్చారు. అందులో లక్షలమంది సమాధుల మీద పేరు లేదు. ఇంటికి కబురు చేయాలన్న నియమమూ లేదు. ఉత్తరాలు ఆగిపోతే ఇంట్లోవాళ్ళు ఆగిపోయాయనే అనుకోవాలి, ఎందుకు ఆగాయో తెలీదు.

ఆ ఇంట్లోవాళ్ళంతా బార్టన్‌కి రాశారు. మొత్తం 63,000కి పైగా ఉత్తరాలు. ఆవిడ చేసిన పని చాలా తేలికైనది, ఎవరికీ తట్టనిది. తప్పిపోయినవాళ్ళ పేర్లు రాష్ట్రాలవారీగా జాబితాలు అచ్చువేయించి పోస్టాఫీసులకీ పత్రికలకీ పంపింది. ఇతన్ని చివరిసారి ఎవరైనా చూశారా అని బతికి వచ్చిన సైనికుల్ని అడిగింది. వాళ్ళు రాసిన జవాబులు ఇంటివాళ్ళకి చేర్చింది. 1868లో ఆఫీసు మూసేసే నాటికి 22,000 మందికి పైగా ఏమయ్యారో తేల్చింది. అందులో పెద్ద భాగం జార్జియాలోని యాండర్సన్‌విల్‌లో, దక్షిణాదివాళ్ళు ఉత్తరాది సైనికుల్ని బంధించిన జైలు శిబిరంలో, చనిపోయినవాళ్ళు. దాదాపు 13,000 మంది అక్కడ పోయారు. చావుల పుస్తకం రాసే పని డారెన్స్ అట్‌వాటర్ అనే ఖైదీకి అప్పజెప్పారు. అతను రహస్యంగా ఇంకో ప్రతి రాసుకుని దాచి బయటికి తెచ్చాడు. ఆ ప్రతి వల్లే అక్కడి సమాధుల మీద పేర్లు పడ్డాయి. ఇదంతా చదువుతూ మా పెద్దది అక్కడే నిలబడిపోయింది. అతనికప్పటికి ఇరవయ్యేళ్ళు కూడా లేవని తెలిసి మళ్ళీ మొదట్నించీ చదివింది.

ఈ గదులు నిలబడటం కూడా ఒక అదృష్టమే. భవనాన్ని కూల్చేద్దామనుకున్న రోజుల్లో, 1990ల్లో, తనిఖీకి వచ్చిన ఒక ప్రభుత్వోద్యోగికి పైకప్పు సందులో కాగితాలూ, బట్టలూ, ఓ రేకు బోర్డూ దొరికాయి. "మిస్సింగ్ సోల్జర్స్ ఆఫీస్, మూడో అంతస్తు, 9వ గది, మిస్ క్లారా బార్టన్" అని నల్ల రేకు మీద అక్షరాలు. గోడలకి పాత కాగితం ముక్కలు మిగిలున్నచోట అదే డిజైను మళ్ళీ వేయించి అతికించారు. నాన్న ఆ 9వ నంబరు గది గుమ్మం దగ్గర నిలబడి, "ఇంతింత గదుల్లో కూర్చుని అన్ని వేల ఉత్తరాలకి బదులు రాసిందా" అన్నారు. ఆయన పని చేసింది పోస్టాఫీసులో. ఉత్తరాల బరువు ఆయనకి తెలుసు.

పెద్దది తాతయ్యకి ఒక ఉత్తరం సంగతి తెలుగులో చెప్పింది. ఒక సైనికుడు చచ్చిపోలేదు, ఊరు వదిలేసి ఎక్కడో బతుకుతున్నాడు. తన పేరు జాబితాలో ఎక్కి ఊరూరా తిరిగిందని మండిపడుతూ బార్టన్‌కి రాశాడు, నేనేం తప్పు చేశానని నా పేరు వేశారు అని. ఆవిడ ఊరుకోలేదు. మీ అమ్మ ఎదురుచూస్తూనే పోయింది, ఆవిడ చివరి కోరిక తీర్చడానికే నీ తోబుట్టువు నిన్ను వెతికింది, నువ్వు వాళ్ళని తలుచుకున్నదానికంటే వాళ్ళు నిన్ను ఎక్కువ తలుచుకోవడం వాళ్ళ దురదృష్టం అని తిరిగి రాసింది. నాన్న ఏమీ అనలేదు. దేశం దాటి వచ్చిన పిల్లలున్న ప్రతి తల్లీ తండ్రీ ఆ ఉత్తరం చదివితే ఏమనుకుంటారో నాకు తెలుసు.

బయటికి వచ్చి మెట్రో వైపు నడుస్తుంటే మావాడు అడిగాడు, "అమ్మా, మనం అప్పుడుంటే ఏ సైడు?" అని. పక్కన పెద్దది అందుకుంది, "మనం అప్పుడు ఇండియాలో ఉన్నాం, మనకి సైడ్ లేదు" అని.

నేను మాట్లాడాల్సింది ఇక్కడే. ప్రవాసంలో మనం పిల్లలకి తెలిసో తెలియకో నేర్పేది ఇదే, ఇది వాళ్ళ గొడవ, నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ మధ్య, మనం పని చేసుకుని బతకడానికి వచ్చాం అని. అది నిజం కాదు. నా ఇద్దరు పిల్లలూ ఈ దేశపౌరులు. నేనూ వాళ్ళ నాన్నా కాదు, ఇంకా గ్రీన్‌కార్డు వరసలోనే ఉన్నాం. పుట్టగానే వాళ్ళు పౌరులెలా అయ్యారు? 1857లో ఈ దేశపు సుప్రీంకోర్టు నల్లజాతివాళ్ళు పౌరులు కాలేరని తీర్పు చెప్పింది. యుద్ధంలో ఉత్తరాది తరఫున సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు పోరాడారు. యుద్ధం గెలిచాక, 1868లో, రాజ్యాంగానికి 14వ సవరణ తెచ్చారు. ఈ నేల మీద పుట్టి, ఇక్కడి చట్టపరిధిలో ఉన్నవాళ్ళు పౌరులే అని అది చెప్పింది. బానిసలుగా ఉన్నవాళ్ళ పిల్లల కోసం రాసిన ఆ వాక్యాన్నే శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ 1898లో సుప్రీంకోర్టులో నిలబెట్టుకున్నాడు. అతని అమ్మానాన్నలు చైనా వాళ్ళు, వాళ్ళకి పౌరసత్వం దొరికే దారే లేదు. 1923లో అదే కోర్టు మనవాడైన భగత్ సింగ్ థింద్‌కి, అమెరికా సైన్యంలో పనిచేసినవాడికి, నువ్వు తెల్లవాడివి కాదు కాబట్టి పౌరసత్వం లేదంది. మనవాళ్ళకి ఆ దారి తెరుచుకుంది 1946లో. ఆ మధ్యకాలంలో ఇక్కడ పుట్టిన మనవాళ్ళ పిల్లలు పౌరులయ్యారంటే ఆ సవరణ దయే.

మెట్రో ప్లాట్‌ఫారం మీద ఇదంతా వీలైనంత చిన్న మాటల్లో చెప్పాను. నీ నీలిరంగు పాస్‌పోర్టు వెనక ఆ గదుల్లోకి ఉత్తరాలు రాసినవాళ్ళ కొడుకులున్నారు, కాబట్టి మన సైడు ఏదో నీకే తెలియాలి అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, లింకన్ సైడు అన్నాడు. పెద్దది మాత్రం, "ఆ నల్ల సోల్జర్స్ సైడు" అని దిద్దింది.

ఇంటికి వచ్చాక భోజనాల దగ్గర నాన్న పల్నాటి కథ ఎత్తుకున్నారు. ఒకే తండ్రి బిడ్డల మధ్య రాజ్యం రెండుగా చీలడం, గురజాల, మాచర్ల, నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం, కారెంపూడి. తన ఊరి కథ కాబట్టి చెప్తుంటే గొంతు మారిపోతుంది. బ్రహ్మనాయుడి చాపకూడు దగ్గరికి వచ్చేసరికి, అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడనీ, మాలవాడైన కన్నమదాసుని కొడుకులా చూసుకుని సేనాపతిని చేశాడనీ చెప్పారు.

పెద్దది సూటిగా అడిగింది. "అయితే ఆ తర్వాత అందరూ కలిసే తినేవాళ్ళా తాతయ్యా?"

ఇలాంటి చోట మాట మార్చడం మన ఇళ్ళలో అలవాటు. నాన్న మార్చలేదు. "లేదు తల్లీ. నా చిన్నప్పుడు మా ఊరి హోటల్లో వాళ్ళకి గ్లాసులు వేరే. నేను కళ్ళారా చూశాను" అన్నారు. తర్వాత 1985లో కారంచేడు గురించీ, 1991లో చుండూరు గురించీ కూడా చెప్పారు. మన జిల్లాల్లోనే, మన భాష మాట్లాడేవాళ్ళే చంపారని, చనిపోయినవాళ్ళు దళితులని. నేను పళ్ళేలు తీయకుండా కూర్చున్నాను.

మా వారాంతపు తెలుగు తరగతిలో పిల్లలకి వేమన పద్యాలొస్తాయి, సంక్రాంతి ముగ్గులొస్తాయి. కారంచేడు రాదు. బానిసత్వం గురించి స్కూల్లో అంత వివరంగా చదివే పిల్లలు కులం గురించి ఎవరో తోటి విద్యార్థి నోట విని ఇంటికి రావడం నాకు ఇష్టం లేదు. మా ఇంట్లో ఆ మాట తాతయ్య నోట వచ్చింది, నాకది చాలా గొప్ప సంగతి.

కారెంపూడిలో కార్తీక అమావాస్యకి అయిదు రోజుల వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. అందులో మందపోరు అనే రోజున చాపకూడు ఇప్పటికీ పెడతారు. ఆ కథ పాడే వీరవిద్యావంతులు మాలలే. వచ్చే ఏడాది థాంక్స్‌గివింగ్ సెలవులకి ఇంకో వారం కలిపి వెళ్దామని అనుకుంటున్నాం, స్కూలు ఒప్పుకుంటే. పెద్దది అప్పుడే ప్రశ్నలు రాసిపెట్టుకుంది. పాడేవాళ్ళతో కూర్చుని మాట్లాడనిస్తారా అని తాతయ్యని అడిగింది. ఊరెళ్ళగానే కనుక్కుని ఫోన్ చేస్తానన్నారు ఆయన.