పేరు చూడకుండా మార్కులు

ఇదంతా గోంగూర పచ్చడితో మొదలైంది. 2018లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న మా ఊళ్లో, ఇంట్లో చేసిన పచ్చళ్లు తెలిసినవాళ్లకు అమ్ముదామని రూల్స్ చదవడం మొదలుపెట్టాను. ఇంట్లో వండి అమ్ముకునేవాళ్ల కోసం టెక్సస్‌లో ఒక చట్టం ఉంది. అందులో ‘పికిల్స్’ అనే మాట చూసి ఎంత సంబరపడ్డానో! తీరా చూస్తే ఆరోగ్య శాఖ నియమంలో పికిల్ అంటే కీరదోస ఒక్కటే. క్యారట్ ఊరబెట్టినా, బీట్‌రూట్ ఊరబెట్టినా లెక్కలోకి రాదు. ఇక గోంగూర సంగతి అడగనే అక్కర్లేదు. రిటైరైన ఒక జంట దీని మీద కోర్టుకు వెళ్లారు. 2019లో చట్టం మార్చి మిగతా కూరగాయలను కూడా చేర్చారు. 2025లో ఇంకా సడలించి, ఏడాది అమ్మకాల పరిమితిని 50 వేల డాలర్ల నుంచి లక్షా 50 వేలకు పెంచారు.

పచ్చళ్ల వ్యాపారం నేను చేయలేదు. కానీ ఒక ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఇలాంటివి సభకు వచ్చినప్పుడు మా స్టేట్ రెప్, అంటే మన లెక్కలో ఎమ్మెల్యే, ఏ బటన్ నొక్కుతున్నారు? ఎన్నికలప్పుడు మా తలుపుకు తగిలించి వెళ్లే ప్రతి కాగితం మీదా ‘పరిమిత ప్రభుత్వం’ అని ఉంటుంది. ఆ మాటను నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ప్రభుత్వం మన ప్రాణానికీ ఆస్తికీ కాపలా ఉండాలి, కోర్టులూ రోడ్లూ చూసుకోవాలి, మిగతా చోట్ల మనిషిని తన బతుకు తనను బతకనివ్వాలి. కాగితం మీద ఆ మాట వేసుకున్నవాళ్లు సభలో దానికి కట్టుబడ్డారా లేదా అని చూడటం ఓటరుగా నా పనే అనిపించింది.

2025 జూన్‌లో శాసనసభ సమావేశాలు ముగిశాక ఏడుగురం కలిశాం. నలుగురు తెలుగువాళ్లం, ఒక తమిళాయన, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు ఇద్దరు. శనివారం పొద్దున్నే లైబ్రరీలో గది తీసుకునేవాళ్లం. పదిహేను ఓట్లు ఎంచుకుని, టెక్సస్ హౌస్‌లోని, అంటే దిగువ సభలోని 150 మందికీ నూటికి ఇన్ని అని మార్కులు వేయాలి. రెండు నెలల్లో అయిపోతుందనుకున్నాం. అయిదు నెలలు పట్టింది.

ఇలా మార్కులు వేయడం కొత్తేమీ కాదు. అమెరికన్ కన్జర్వేటివ్ యూనియన్ 1971 నుంచి అమెరికా కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు సభ్యులకు వేస్తోంది. టెక్సస్‌లో కూడా చాలా సంఘాలు వేస్తాయి. రైస్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పే మార్క్ జోన్స్ ఓట్ల లెక్కలతో సభ్యులను వరుస పెడతారు. అయితే ఆయనది వేరే పద్ధతి. తనకు నచ్చిన ఓట్లను ఏరుకోరు, కుప్ప మొత్తాన్నీ లెక్కకు తీసుకుంటారు. మేం మాత్రం ఏరుకోవాల్సిందే. అసలు ప్రమాదమంతా అక్కడే ఉందని మొదటి శనివారమే తెలిసింది. ఒక్కొక్కరం ఇరవై ఓట్ల జాబితా తెచ్చుకున్నాం. అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎవరి జాబితా ప్రకారం చూసినా వాళ్లకు ఇష్టమైన సభ్యుడే ఫస్ట్ వస్తున్నాడు. ఎవరూ కావాలని చేసింది కాదు. నా జాబితా కూడా అలాగే ఉంది.

ఆ రాత్రి తెనాలిలో ఉన్న నాన్నకు ఫోన్ చేశాను. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఏటా టెన్త్ స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లేవారు. అంతా విని, “పేపరు మీద పిల్లవాడి నంబరు కనపడకుండా ఎందుకు చేస్తారనుకున్నావమ్మా? ముందు కీ రాసుకోండి. ఏ జవాబుకు మార్కు, ఎందుకు మార్కు అన్నది తేల్చుకున్నాకే పేపరు తెరవాలి. పేపరు చూశాక కీ మార్చకూడదు,” అన్నారు.

మర్నాటి నుంచి అదే మా పద్ధతి అయింది. తమిళాయన ఒక్కరే ఓట్ల లెక్కలు చూస్తారు. మా ఆరుగురికీ బిల్లు పాఠం, ఖర్చెంతో చెప్పే ఫిస్కల్ నోట్, సభకు చెందిన హౌస్ రీసెర్చ్ ఆర్గనైజేషన్ వాళ్ల విశ్లేషణ మాత్రమే ఇస్తారు. ఆ విశ్లేషణలో బిల్లును సమర్థించేవాళ్ల మాటా ఉంటుంది, విమర్శించేవాళ్ల మాటా ఉంటుంది. మాలాంటి వాళ్లకు అది పెద్ద అండ. అది చదివి, సూత్రం ప్రకారం సరైన ఓటు ఏది, ఎందుకు అని రెండు వాక్యాల్లో రాయాలి. రాయలేకపోతే ఆ బిల్లును వదిలేయాలి. అందరికీ ముందే తెలిసిపోయిన పెద్ద ఓట్ల దగ్గర మాత్రం ఇంకో ప్రశ్న వేసుకునేవాళ్లం: ఇదే బిల్లును అవతలి పార్టీ తెచ్చి ఉంటే మన కీ మారేదా?

మొదటి దెబ్బ నాకే తగిలింది. నన్ను ఈ పనిలోకి దింపిన కారణాల్లో ఇంటి పన్ను ఒకటి. సొంతింట్లో ఉండేవాళ్లకు స్కూల్ పన్నులో ఇచ్చే మినహాయింపు 2023లో 40 వేల డాలర్ల నుంచి లక్షకు పెరిగింది. 2025 సభలో దాన్ని లక్షా 40 వేలకు పెంచే బిల్లు పాసైంది, నవంబరులో ఓటర్లు కూడా సరేనన్నారు. నా దృష్టిలో ఆ సభ మొత్తానికీ ముఖ్యమైన ఓటు అదే. కానీ దానికి దాదాపు అందరూ అవునన్నారు. అందరికీ మార్కు వచ్చే ప్రశ్నతో ఎవరు ఎంత చదివారో తేలదు కదా. కనీసం పదో వంతు మంది అటో ఇటో విడిపోయిన ఓట్లే తీసుకోవాలని అంతకుముందే నియమం పెట్టుకున్నాం. మనసు ఒప్పకపోయినా దాన్ని తీసేశాను.

ల్యాబ్‌లో కణాల నుంచి పెంచిన మాంసం అమ్మకాన్ని రెండేళ్ల పాటు నిషేధించే బిల్లు (ఎస్‌బీ 261, అంటే సెనేట్ బిల్లు 261) దగ్గర చాలాసేపు ఆగాం. పశువుల పెంపకందార్ల సంఘం దాన్ని బలపరిచింది. మా గదిలో కూడా, ‘అదేం తిండండీ, నిషేధిస్తే మంచిదేగా’ అన్నవాళ్లున్నారు. నేను శాకాహారిని. నేను తినను కాబట్టి ఎవరూ అమ్మకూడదంటే అది నా సూత్రం కాదు, నా రుచి. అది ఏ రకం మాంసమో లేబుల్ మీద స్పష్టంగా రాయాలన్న చట్టం 2023లోనే వచ్చింది. కొనేవాడికి నిజం తెలిశాక ప్రభుత్వం పక్కకు తప్పుకోవాలి. ‘వద్దు’ అన్నదే సరైన ఓటని రాసుకున్నాం. మత్తునిచ్చే టీహెచ్‌సీ ఉన్న హెంప్ (గంజాయి జాతి మొక్క) సరుకుల మీద పూర్తి నిషేధం పెట్టిన ఎస్‌బీ 3కీ అదే జవాబు. కానీ అది రాసే ముందు మాలో ఒకావిడ, హైస్కూల్లో చదివే కొడుకున్న తల్లి, ఆ దుకాణాలు స్కూలుకు ఎంత దగ్గర్లో ఉన్నాయో చెప్పింది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆమె అభ్యంతరాన్ని కీ కిందే ఉన్నది ఉన్నట్టు వేశాం. ఆ బిల్లును గవర్నర్ అబాట్ వీటో చేస్తూ, నిషేధం బదులు మద్యం మాదిరిగా నియంత్రించమని చెప్పిన సంగతి అప్పటికే అందరికీ తెలుసు. మా కీకి మాత్రం దాన్ని సాక్ష్యంగా వాడుకోలేదు.

సినిమా రాయితీల బిల్లు, ఎస్‌బీ 22, నా వరకు తేలిగ్గా తేలింది. టెక్సస్‌లో షూటింగ్ చేసేవాళ్లకు ప్రతి రెండేళ్లకూ 30 కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలు, 2035 దాకా. సినిమా అంటే నాకూ ప్రాణమే. అయినా నా పన్ను డబ్బు తీసి ఒక వ్యాపారానికి ఇవ్వడానికి అది కారణం కాదు.

తేలనిది ఎస్‌బీ 840. లక్షన్నర మించిన జనాభా ఉన్న పెద్ద నగరాల్లో, వ్యాపారానికి కేటాయించిన స్థలాల్లో అపార్ట్‌మెంట్లు కడతామంటే నగరపాలక సంస్థ అడ్డు చెప్పకూడదంటుంది ఈ చట్టం. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి మనవాళ్లెక్కువ ఉండే ఊళ్లన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. స్థలం ఓనరు చేతికి స్వేచ్ఛ వచ్చింది కాబట్టి ప్రభుత్వం తగ్గినట్టా? జనానికి దగ్గరగా ఉండే నగర ప్రభుత్వం చేతిలోంచి అధికారం లాక్కుని రాష్ట్ర రాజధాని ఆస్టిన్ పట్టుకుపోయింది కాబట్టి ప్రభుత్వం పెరిగినట్టా? మూడు శనివారాలు వాదించుకున్నాం. నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. ఓనరు వైపే న్యాయముందని నేను ఇప్పటికీ అంటాను. కానీ ఒకే సూత్రాన్ని నమ్మే ఏడుగురే చీలిపోయిన చోట ఇంకొకరికి సున్నా వేసే హక్కు మాకు లేదు. దాన్ని తీసేశాం. ప్రైవేటు స్కూలు ఫీజులకు వంద కోట్ల డాలర్లిచ్చే ఎస్‌బీ 2 దగ్గర కూడా ఇదే అయింది. తల్లిదండ్రుల ఇష్టం ఒక పక్క, కొత్త ఖర్చు ఇంకో పక్క. ఎవరు ఎటు వేశారో చూపించాం కానీ మార్కుల్లో కలపలేదు.

కీ పూర్తయ్యాక ఓట్ల పని. 2007లో రాజ్యాంగ సవరణ వచ్చాక, టెక్సస్‌లో బిల్లు చివరి ఓటింగులో ఎవరు ఎటు వేశారో హౌస్ జర్నల్‌లో పేరుపేరునా రాయాల్సిందే. ఈ మాట చెబితే నాన్న నిట్టూర్చారు. “మన అసెంబ్లీలో చాలావరకు మూజువాణీయే కదమ్మా. డివిజన్ పెట్టినా పార్టీ విప్ ఉంటుంది. 1985 ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్ కాదంటే సీటే పోతుంది. ఇక మనిషికి మార్కులేం వేస్తావు, పార్టీకి వేయాలి,” అన్నారు. నిజమే. ఇక్కడ సొంత పార్టీకి ఎదురు వేసినా సభ్యత్వం పోదు. ఒక్కొక్కరి ఓటును విడిగా తూచడానికి అర్థముంది కాబట్టే ఇంత కష్టపడ్డాం.

జర్నల్ చదవడానికి కొంచెం అలవాటు కావాలి. రికార్డు నంబరు, అవునన్నవాళ్ల పేర్లు, కాదన్నవాళ్ల పేర్లు, ఉండి ఓటు వేయనివాళ్లు, రానివాళ్లు. పేర్లన్నీ సెమీకోలన్లతో అతుక్కుని వరుసగా ఉంటాయి. మొరాలెస్ ఇంటిపేరుతో ఇద్దరు, మొరాలెస్ షా ఇంకొకరు. డేవిస్‌లు ఇద్దరు. జోన్స్‌లు ఇద్దరు. ఇంటిపేరు పక్కన ఒక్క అక్షరమే వాళ్లను విడదీస్తుంది. ప్రతి ఓటునూ ఇద్దరం విడివిడిగా ఎక్కించి, తర్వాత రెండు షీట్లూ పోల్చేవాళ్లం. మొదటిసారి పోల్చినప్పుడు 41 చోట్ల తేడా వచ్చింది.

అందులో ఒకటి నాది, చాలా పెద్దది. ఖర్చు తగ్గించే ఒక సవరణ మీద ఓటు తీసుకున్నాను. అవును అన్నవాళ్లందరికీ మార్కు వేసుకుంటూ పోయాను. పోల్చే రోజు మా ఏడుగురిలో పెద్దాయన జర్నల్లో పై వాక్యం మీద వేలు పెట్టి, “చూడమ్మా, ఇది సవరణ మీద ఓటు కాదు. సవరణను పక్కన పెట్టేయాలన్న ప్రతిపాదన మీద ఓటు,” అన్నారు. అంటే అవునన్నవాళ్లు ఆ సవరణను చంపినవాళ్లు. ఒక్క వాక్యం చదవనందుకు సభలో ఉన్నవాళ్లందరి మార్కూ తిరగబడింది. నాకు చేతులు చల్లబడ్డాయి. ఆ కాగితం అలాగే బయటికి వెళ్లి ఉంటే?

రెండో తప్పు సాఫ్ట్‌వేర్ ఫార్ములాలో దొరికింది. స్పీకర్‌కు సున్నా చూపిస్తోంది. సభను నడుపుతున్న మనిషి పేరు జర్నల్లో దాదాపు ప్రతిసారీ ‘ఉండి ఓటు వేయనివాళ్ల’లోనే వస్తుంది, పక్కన బ్రాకెట్లో చెయిర్ అని చెప్పే ఒక అక్షరంతో. అధ్యక్ష స్థానంలో ఉన్నవాళ్లను లెక్కించకూడదని ఫార్ములా మార్చాం. మరి సభకు రానివాళ్ల సంగతి? ఒక సభ్యుడు 15లో 12 ఓట్లు వేసి 10 సరైనవి వేశారనుకోండి. వేసిన ఓట్ల మీద లెక్కిస్తే 83. రాకపోవడాన్ని తప్పుగా లెక్కిస్తే 67. కుటుంబంలో ఎవరికో ఆపరేషన్ ఉండి రాని మనిషికీ, కష్టమైన ఓటు అనగానే బయటికి వెళ్లిపోయే మనిషికీ తేడా ఉంది. జర్నల్ మనసులోది చెప్పదు. అందుకే వేసిన ఓట్ల మీదే మార్కు లెక్కించి, ఎన్ని ఓట్లకు లేరో పక్క గడిలో వేశాం.

డ్రాఫ్టును అందరి ఆఫీసులకూ పంపి, తప్పులుంటే చెప్పమని రెండు వారాలు టైమిచ్చాం. వచ్చిన జవాబులు పదకొండు. అందులో రెండు నిజంగా మా తప్పులు, వెంటనే దిద్దాం. మూడు ఆఫీసులు జర్నల్లో ఓటు వివరాల కింద ఉండే ప్రకటనలు చూపించాయి: ‘నా ఓటు అవునని పడింది, నేను కాదని వేయాలనుకున్నాను’ అని సభ్యులు తర్వాత రాసుకునే వాక్యాలు. బిల్లు గెలుపోటములను నిర్ణయించేది బోర్డు మీద వెలిగిన లైటే, ఆ వాక్యం కాదు. మార్కు మార్చలేదు, కానీ చుక్క పెట్టి ప్రకటనను కింద ఇచ్చాం.

తమిళాయన ఒక్కొక్కరి మొత్తం మార్కులు తెరిచిన రోజు నాకు బాగా టెన్షన్‌గా ఉంది. 2024లో నేను ఎండలో ఇంటింటికీ తిరిగి ఓట్లడిగిన సభ్యుడికి 53 వచ్చింది. మాంసం నిషేధానికి అవును. టీహెచ్‌సీ నిషేధానికి అవును. సినిమా డబ్బుకు అవును. నేను ఎప్పుడూ ఓటు వేయని అవతలి పార్టీ ఆవిడకు కొన్ని ఓట్లలో ఆయనకన్నా ఎక్కువ మార్కు పడింది. ఒకసారి కీ వైపు చూశాను. సినిమా రాయితీ ఓటు తీసేస్తే ఆయనకు ఎంత వస్తుందో మనసులోనే లెక్క కట్టేశాను కూడా. నాన్న మాట గుర్తొచ్చి లాప్‌టాప్ మూసేశాను.

2026 మార్చి 3న ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నిక. దానికి ముందే ఆ కాగితాన్ని మా కాలనీలో నేనే పంచాను, మళ్లీ అవే తలుపుల దగ్గరికి వెళ్లి. ఒకావిడ గుర్తుపట్టి, “పోయినసారి ఈయనకే వేయమన్నావు కదా?” అంది. అవునని చెప్పి, పదిహేను ఓట్లూ ఒక్కొక్కటే చూపించాను. గుమ్మంలోనే నిలబడి ఇరవై నిమిషాలు చదివింది. మాంసం బిల్లు దగ్గర మా కీ తప్పని వాదించింది. ఆ వాదన రాసుకుని తెచ్చుకున్నాను. వచ్చే సభ 2027 జనవరి 12న మొదలవుతుంది. దాని కోసం తెరిచిన ఫైల్లో మొదటి పేజీ మీద ప్రస్తుతానికి ఆవిడ వాదన ఒక్కటే ఉంది.