మండువా ఇంటి కొలతల నుంచి పరిశోధన వ్యాసం దాకా: నా అనుభవం

ఆర్కిటెక్చర్ కళాశాలల్లో ఏటా ఒకసారి అధ్యాపకుల పరిశోధన వివరాలను పట్టిక రూపంలో అడుగుతారు. వ్యాసం పేరు, పత్రిక పేరు, ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రికను గుర్తించే) సంఖ్య, డీఓఐ (ఇంటర్నెట్‌లో వ్యాసాన్ని గుర్తించే శాశ్వత సంఖ్య), ప్రచురణ సంవత్సరం, ఆ పత్రిక స్కోపస్ అనే పరిశోధన పత్రికల సూచికలో ఉందా లేదా అన్నవి అందులోని గడులు. కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగ్ వ్యవస్థ ఎన్‌ఐఆర్‌ఎఫ్ 2018 నుంచి ఆర్కిటెక్చర్ విద్యాసంస్థలకు విడిగా ర్యాంకులు ఇస్తోంది. అందులో పరిశోధనకూ వృత్తిసాధనకూ కలిపి నూటికి 30 పాళ్లు కేటాయించారు కనుక ఈ పట్టికను ఏ కళాశాలా తేలిగ్గా తీసుకోదు. గోదావరి డెల్టాలో పాఠం చెబుతున్న నాకు చాలా ఏళ్లపాటు ఈ పట్టిక నింపడమంటే కష్టంగా ఉండేది. విద్యార్థులతో కలిసి కోనసీమలో కొలిచి గీసిన మండువా ఇళ్ల (నడుమ పైకప్పు లేని ముంగిలి ఉన్న పాతకాలపు ఇళ్ల) ప్లానులు, సెక్షన్లు మా స్టూడియో అలమరాలో చుట్టలు చుట్టలుగా ఉన్నాయి గానీ వాటికి ఆ పట్టికలో గడి లేదు. గీసిన ఇళ్లలో కొన్నింటిని తర్వాత విప్పేశారు. స్తంభాలు, దర్వాజాలు, దూలాలు కలప కొనేవాళ్ల లారీల్లో వెళ్లిపోయాయి. ఆ ఇళ్లకు సంబంధించి నాకు తెలిసినంతలో మిగిలిన ఆధారం మా చిత్రాలే. వాటిని పరిశోధనగా నలుగురూ ఒప్పుకునేలా చేయడానికి ఏం చేయవలసి వచ్చిందో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మా రంగంలో చాలామంది అధ్యాపకుల దగ్గర ఇలాంటి చుట్టలు ఉన్నాయి.

కొలతల చిత్రం దానంతట అది పరిశోధన వ్యాసం కాదు. ఇల్లు ఎలా ఉందో అది చెబుతుంది. ఎందుకలా ఉంది, అలా ఉన్నందువల్ల ఏం జరుగుతోంది అన్న ప్రశ్న మనం వేసుకోవాలి. మా చిత్రాలన్నీ వరసగా నేల మీద పరిచి చూసినప్పుడు రెండు విషయాలు పదే పదే కనిపించాయి. మొదటిది అరుగు ఎత్తు. లంక గ్రామాలకు దగ్గరగా ఉన్న ఇళ్లలో అది ఎక్కువ, కాలువల మీది ఊళ్లలో తక్కువ. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండవది, వీధి గుమ్మం, మండువా, పెరటి గుమ్మం ఒకే వరసలో ఉండటం. వరద సంగతి విడిగా రాయదగినంత పెద్దది కనుక దాన్ని పక్కన పెట్టి, రెండవదాన్నే ప్రశ్నగా తీసుకున్నాను: గాలిలో తేమ ఎక్కువగా ఉండే ఈ ప్రాంతంలో, ఏప్రిల్, మే నెలల్లో, మండువా ఇంట్లోని మనిషికి నిజంగా హాయినిచ్చేది ఏమిటి?

ఈ ప్రశ్న ఇప్పటికే తేలిపోయిందని చాలామంది అనుకుంటారు. మండువా ఉంటే ఇల్లు చల్లగా ఉంటుందని పాఠ్యపుస్తకాల్లో ఉంది, మేమూ తరగతిలో చెబుతాం. కానీ ఆ వివరణ పొడి వాతావరణం ఉన్న ప్రాంతాలది. అక్కడ రాత్రి ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది, చల్లబడిన గాలి ముంగిట్లోకి దిగి నిలుస్తుంది, మర్నాడు పొద్దెక్కేదాకా ఆ చల్లదనం గదులకు అందుతుంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి దేశాన్ని అయిదు వాతావరణ మండలాలుగా విభజిస్తే మన తీరం వేడి, తేమ కలిసిన మండలంలోకి వస్తుంది; ఇక్కడ వేసవి రాత్రి కూడా ఉక్కగానే ఉంటుంది, పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో తేడా తక్కువ. మరి మండువా చేసే పని ఏదో వేరే అయి ఉండాలి.

పరికరాలకు పెద్ద నిధులేమీ లేవు. ఉష్ణోగ్రతనూ తేమనూ గంట గంటకూ నమోదు చేసే చిన్న లాగర్లు కళాశాల కొనిపెట్టింది. గాలి వేగం కొలిచే హాట్‌వైర్ ఎనిమోమీటర్‌ను మరొక విభాగం నుంచి అరువు తెచ్చుకున్నాం. కాగిన పెంకుల నుంచి, గోడల నుంచి మనిషి ఒంటికి తగిలే వేడిని కొలవాలంటే నల్లటి గోళం లోపల థర్మామీటరు ఉంచాలి. దానికి 40 మిల్లీమీటర్ల టేబుల్ టెన్నిస్ బంతికి మెరుపు లేని నల్లరంగు పూసి, చిన్న రంధ్రం చేసి, సెన్సరు తీగ చివరను సరిగ్గా మధ్యకు వచ్చేలా దూర్చి సీలు చేస్తే సరిపోతుంది. పరిశోధకులు ఎప్పటినుంచో వాడుతున్న పద్ధతే ఇది. రంగు ఒక పొరగా వేస్తే చుక్కలు చుక్కలుగా తెలుపు కనిపిస్తుంది కనుక మా విద్యార్థులు రెండు పొరలు వేసి, నీడలో ఆరబెట్టి, ఒక్కొక్క బంతినీ మా ప్రయోగశాల థర్మామీటరుతో పోల్చి చూశాకే ఇళ్లకు తీసుకువెళ్లాం.

ఇళ్లవాళ్ల అనుమతి తీసుకోవడం ఈ మొత్తంలో అతి ముఖ్యమైన భాగమని నా అభిప్రాయం. అనుమతి పత్రాన్ని ఇంగ్లీషులో ఇచ్చి సంతకం పెట్టించుకోవడం నాకు న్యాయంగా తోచలేదు. ఏం కొలుస్తాం, ఎన్నాళ్లు పెట్టెలు ఉంచుతాం, ఆ వివరాలు ఎక్కడ అచ్చవుతాయి, వద్దనిపిస్తే ఎప్పుడు చెప్పవచ్చు అన్నవి తెలుగులో ఒక్క పేజీకి కుదించి, చదివి వినిపించి, ఒక ప్రతి వాళ్లకే ఇచ్చాం. వాళ్ల భయాలు సబబైనవే. కొన్ని ఇళ్లు అన్నదమ్ముల మధ్య పంపకాలు తేలనివి. ప్లాను అచ్చయితే అది రేపు తగాదాలో కాగితమవుతుందేమోనని అడిగారు. మరికొందరు, లోపలి టేకు స్తంభాల ఫొటోలు చూసి కలప బేరగాళ్లు మళ్లీ గుమ్మంలో నిలబడతారని చెప్పారు. అందుకే వ్యాసంలో ఇళ్లకు అక్షరాలు మాత్రమే పెట్టాం, ఊళ్ల పేర్లు ఇవ్వకుండా మండలం వరకే చెప్పాం, యజమాని వద్దన్న ఫొటో ఏదీ వాడలేదు.

పి.గన్నవరం అక్విడక్టు దాటాక ఉన్న ఒక ఊళ్లో లాగర్లు కడుతున్నప్పుడు ఆ ఇంటి పెద్దావిడ వచ్చి చూశారు. మేము ఒకటి మండువా నడుమన, ఒకటి పడకగదిలో, ఒకటి వీధి వసారాలో కడుతున్నాం. ఆవిడ మండువాకు పెరటి వైపున్న స్తంభం చూపించి, “అమ్మాయ్, ఒకటి ఇక్కడ కట్టమ్మా. మా మావగారు వేసవిలో పడక్కుర్చీ ఇక్కడే వేయించుకునేవారు. పైరగాలి తిరిగాక ఇక్కణ్ణించి లేచేవారు కాదు” అన్నారు. “అలాగేనండీ మామ్మగారూ” అని అక్కడా ఒకటి కట్టి, ఎనిమోమీటర్‌ను కూర్చున్న మనిషి ఛాతీ ఎత్తున పెట్టాం. వ్యాసం మొత్తానికి ఆధారమైన సంగతి అక్కడే దొరికింది. ఆ స్తంభం దగ్గర మధ్యాహ్నం ఉష్ణోగ్రత పడకగదిలో కంటే తక్కువ లేదు, కొన్ని పూటలు కొంచెం ఎక్కువే ఉంది. గాలి మాత్రం పడకగదిలో దాదాపు నిలిచిపోయి ఉంటే అక్కడ ఆగకుండా కదులుతోంది. చెమట ఆరడానికి కావలసింది ఆ కదలికే. తర్వాత ప్రతి ఇంట్లోనూ ముందుగా పెద్దవాళ్లను వేసవిలో ఎక్కడ కూర్చుంటారో, ఎక్కడ పడుకుంటారో, ఏ వేళకు చోటు మారుస్తారో అడిగి, ఆ చోట్లలోనే లాగర్లు కట్టాం. 2022 జులైలో గోదావరికి 25 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చినప్పుడు కొన్ని లంక గ్రామాల్లో పని పూర్తిగా ఆపి, నీళ్లు తీసి ఇళ్లు ఆరాక, మళ్లీ వేసవి వచ్చేదాకా ఆగాం.

కొలతలు చేతికొచ్చాక వాటిని దేనితో పోల్చాలన్నది తేల్చుకోవలసి వచ్చింది. మన దేశానికి అనుగుణంగా ఉష్ణ సౌఖ్యాన్ని, అంటే మనిషికి ఎంత వేడి హాయిగా ఉంటుందో, లెక్కగట్టే ఐమాక్ నమూనాను అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో తయారుచేశారు; 2016 జాతీయ నియమావళిలో దానికి చోటు దొరికింది. అయిదు నగరాల్లోని 16 భవనాల్లో ఉండేవారి నుంచి వేల జవాబులు సేకరించి రూపొందించిన గట్టి నమూనా అది. అయితే ఆ భవనాలు కార్యాలయాలు. ఇంట్లో మనిషి పంచె కట్టుకుంటాడు, చోటు మారుస్తాడు, తడిగుడ్డ వేసుకుంటాడు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో 2008లో మాధవి ఇంద్రగంటి గారు చేసిన అధ్యయనం ఇళ్లలో ఉండేవారి అలవాట్లను దగ్గరగా చూసినది. మన తెలుగు నేల మీద ఆర్కిటెక్చర్ రంగంలో వచ్చిన పరిశోధనల్లో నేను ఎంతో గౌరవించేది అది. కానీ హైదరాబాద్ గాలి వేరు, కోనసీమ గాలి వేరు. ఆలోచించి, ఆ రెండింటినీ పోలికకే ఉంచి, తీర్పును మా ఇళ్లలో ఉండేవారి మాటలకూ గాలి వేగానికీ వదిలాను.

పత్రిక ఎంపికలో జాగ్రత్త పడాలి. వారంలో ప్రచురిస్తాం, ఇంత రుసుము కట్టండి అంటూ రోజూ ఉత్తరాలు వస్తాయి. పదోన్నతికి గడువు దగ్గరపడిన అధ్యాపకుడికి అది ఎంత ఆకర్షణో నాకు తెలుసు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2019లో తెచ్చిన, నమ్మదగిన పత్రికల కేర్ జాబితా ఒకప్పుడు ఆధారంగా ఉండేది, 2025 ఫిబ్రవరిలో దాన్ని నిలిపివేస్తున్నట్టు యూజీసీ ప్రకటించింది. ఇప్పుడు పత్రిక మంచిచెడ్డలు మనమే చూసుకోవాలి: సంపాదకవర్గంలోని వారు నిజంగా ఆ విశ్వవిద్యాలయాల్లో ఉన్నారా, గత సంచికల్లోని వ్యాసాలు మనం చదువుకుని మెచ్చుకోదగినవేనా, స్కోపస్‌లో కనిపించే చిరునామా, పత్రిక చిరునామా ఒకటేనా. పేరున్న పత్రికలకు నకిలీ వెబ్‌సైట్లు పెట్టినవాళ్లున్నారు కనుక ఈ చివరిది తప్పనిసరి. రుసుము లేకుండా చందా పద్ధతిలో ప్రచురించే పత్రికనే ఎంచుకున్నాను. పోలికల తనిఖీ, అంటే మన రాత ఇతరుల రాతలతో ఎంత కలుస్తోందో చూడటం, గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం లోపు ఉంటే అభ్యంతరం లేదు.

సమీక్ష చాలా నెలలు పట్టింది. ఇద్దరు సమీక్షకుల్లో ఒకరు చిత్రాలను మెచ్చుకుని చిన్న చిన్న సవరణలు అడిగారు. రెండవవారు వ్యాసాన్ని నిలదీశారు. ఏ ఇంట్లో పెంకులు తీసి రేకులు వేశారు, ఏ ఇంట్లో మండువా మీద గాజు పలకలు బిగించారు, కొలిచిన వేళ ఫ్యాన్లు తిరుగుతున్నాయా, పక్కనే డాబా లేచి గాలి ఆగిపోయిన ఇంటినీ, చుట్టూ కొబ్బరితోట ఉన్న ఇంటినీ ఒకే గాటన ఎలా కడతారు అని అడిగారు. ఇవన్నీ మా క్షేత్ర పుస్తకాల్లో ఉన్నాయి, వ్యాసంలో మాత్రం సంక్షిప్తత కోసం వదిలాం. ప్రతి ఇంటికీ ఒక వరస చొప్పున పట్టిక తయారుచేసి, కప్పు, మండువా, ఫ్యాను, చుట్టుపక్కల కట్టడాలు అన్నీ అందులో చేర్చాం. సమీక్షకుల ఒక్కొక్క మాటనూ యథాతథంగా రాసి, కింద మా జవాబు, దాని కింద మార్చిన పేజీ, పంక్తి సంఖ్య ఇచ్చాం. ఒక్క సూచనను మాత్రం ఒప్పుకోలేదు. పెద్దవాళ్లు చెప్పినవి కొలతలు కావు కనుక తీసివేయమన్నారు. లాగర్ ఎక్కడ కట్టాలో నిర్ణయించినవే ఆ మాటలు, అవి లేకపోతే మా పద్ధతే అర్థం కాదని వివరంగా రాశాను. ఆ వివరణను ఆ సూచన చేసిన సమీక్షకులు అంగీకరించారు.

రచయితల పేర్ల విషయంలో కూడా తర్జనభర్జన జరిగింది. అధ్యాపకుల నియామకాలు, పదోన్నతులపై యూజీసీ 2018 నిబంధనల్లో ఇద్దరికి మించి రచయితలుంటే ప్రధాన రచయితకు వ్యాసానికి వచ్చే మార్కుల్లో 70 శాతం, మిగిలినవారికి ఒక్కొక్కరికి 30 శాతం. విద్యార్థుల పేర్లు కృతజ్ఞతల్లో వేస్తే చాలని సలహా ఇచ్చినవాళ్లున్నారు. నేను ఒప్పుకోలేదు. మే నెల ఎండలో లాగర్లు సరిచూస్తూ, రసమట్టం పట్టుకుని మండువా అంచు వాలు కొలిచినవారు, ఆ వాలే వాననీటిని తూము వైపు ఎలా నడిపిస్తోందో మొదట గమనించినవారు సహరచయితలే. పని విభజనను 14 రకాలుగా చెప్పే క్రెడిట్ పద్ధతి ఉంది. దాని ప్రకారం కొలతలు, చిత్రాలు, విశ్లేషణ, రచన ఎవరు చేశారో వ్యాసం చివర స్పష్టంగా ఇచ్చాం.

వ్యాసం అచ్చయ్యాక డీఓఐ నా ఓర్కిడ్ ఖాతాలోకి (పరిశోధకుల రచనలను నమోదు చేసే ఖాతాలోకి) చేరింది, కళాశాల పట్టికలో ఒక వరస నిండింది. చుట్టల సంగతి ఆ తర్వాత చూశాను. వాటిని పెద్ద స్కానర్‌పై స్కాన్ చేయించి, యజమానులు ఒప్పుకున్నంత మేరకు, కొలతల దత్తాంశంతో (డేటాతో) కలిపి జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉంచాం. ఐరోపాలోని సెర్న్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ నడిపే ఆ భాండాగారం రుసుము లేకుండా డీఓఐ ఇస్తుంది. ఇప్పుడు ఎవరైనా మా చిత్రాలను వాడుకుంటే వాటినే పేర్కొనవచ్చు. ర్యాంకుల లెక్క స్కోపస్, అలాంటిదే అయిన వెబ్ ఆఫ్ సైన్స్‌ల నుంచి తీసుకుంటారు కనుక దీనికి అక్కడ మార్కు రాదు. అయినా వార్షిక పట్టికలో కొలతల చిత్రాలకూ దత్తాంశానికీ ఒక గడి చేర్చమని కళాశాల పరిశోధన సంఘానికి రాశాను, ఈ ఏడాది నుంచి చేర్చారు. ఇళ్లవాళ్లకు వాళ్ల ఇంటి ప్లాను, సెక్షను పెద్ద కాగితం మీద అచ్చువేయించి, రెండు పేజీల తెలుగు సారాంశంతో ఇచ్చి వచ్చాం. ఒక ఇంట్లో సారాంశం చదివి, మండువా మీద గాజు పలకలు బిగిద్దామనుకుంటున్నామనీ, గాలి పోయేందుకు పక్కల ఎంత ఖాళీ వదలాలనీ అడిగారు. దానికి జవాబు మా దగ్గర ఉన్న కొలతలతో చెప్పలేం. పలకలు వేసిన ఇళ్లనూ వేయనివాటినీ పక్కపక్కన పెట్టి కొలవాలి. వచ్చే వేసవికి ఆ పనే పెట్టుకున్నాం, అరుగు ఎత్తుల వ్యాసం దానితో పాటు సాగుతోంది.