హాలు అంటే పాలు

ఆదోనిలో నా క్లాసు. ఇంట్లో కన్నడ తప్ప ఇంకోటి ఎరగని పిల్లోడు ఈ పొద్దూ బోర్డు దిక్కు గుడ్లప్పగించి చూస్తా కూచున్యాడు. షెర్లీ హఫ్‌స్టెడ్లర్ గుర్తొచ్చింది. అమెరికాలో ఫెడరల్ అప్పీల్ కోర్టు జడ్జి. శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో ఇంగ్లీషు రాని చైనా పిల్లల గోడు తోటి జడ్జీలు తోసేస్తే, 1973లో ఆమె ఒప్పుకోలేదు. మరుసటేడు సుప్రీంకోర్టు పిల్లల వైపే నిలిచింది.

1979లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ పిలిస్తే, జీవితాంతం ఉండే జడ్జి కుర్చీ వదిలి, కొత్తగా పెట్టిన విద్యాశాఖకు తొలి మంత్రి అయింది. కార్టర్ ఎన్నికల్లో ఓడిపోయాడు, 1981 జనవరికి పదవీ పోయింది. నేనైతే వదిలేదాన్ని కాదబ్బా! (పక్క మండలానికి ట్రాన్స్‌ఫరంటేనే ఏడుస్తా.)

రేపు వానితో కన్నడ హాలు అంటే పాలు, హులి అంటే పులి అని మొదలుపెడతా.