బవేరియా పల్లెలో కొత్త ఫాదర్

మా ఫిరంగిపురం వైపు కొత్త ఫాదర్ వస్తున్నారంటే డప్పులతో, పూలదండలతో ఊరు ఊరంతా ఎదురొస్తుంది. అక్టోబరులో నేను జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో ఈ పల్లెకు ఫాదర్‌గా వచ్చినప్పుడు విచారణ గురువుగారు, అంటే ఇక్కడి చర్చి బాధ్యత చూసే పెద్ద ఫాదర్, ఒక్కరే స్టేషన్‌కు వచ్చారు. నన్ను ఇంటి దగ్గర దించి, తాళాల గుత్తి, చెత్త క్యాలెండరు చేతిలో పెట్టి, ఇంకో ఊళ్ళో పూజ ఉందని వెళ్ళిపోయారు. ఏ రోజు ఏ చెత్త డబ్బా బయట పెట్టాలో చెప్పే క్యాలెండరు అది. కాగితాలు వేరు, కూరగాయల తొక్కలు వేరు, ప్లాస్టిక్ కవర్లు వేరు. ఫాదర్ కావడానికి సెమినరీలో ఇన్నేళ్ళు తత్వశాస్త్రం, దైవశాస్త్రం చదివాను గానీ, వచ్చిన మొదటి వారం నాకు టెన్షన్ పెట్టింది మాత్రం ఇదే.

రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ ఫారంలో మతం అడుగుతారు. దానికి కారణం ఉంది. కాథలిక్ అని రాస్తే, కట్టే ఇన్‌కంటాక్స్ మీద బవేరియాలో 8 శాతం చర్చి పన్నుగా అదనంగా పడుతుంది. వద్దనుకున్నవాళ్ళు ఆఫీసుకు వెళ్ళి, ఫీజు కట్టి, సంతకం పెట్టి సభ్యత్వం వదులుకుంటారు. ఒక్క 2022లోనే జర్మనీలో 5 లక్షల 20 వేలకు పైగా కాథలిక్కులు అలా వెళ్ళిపోయారు. ఇక్కడి గుడికి డబ్బుకు లోటు లేదు, మనుషులకే కరువు. మన పల్లెల్లో అయితే చాపల మీద చోటు చాలక పిల్లలు ఆల్తారు (బలిపీఠం) మెట్ల దాకా జరిగి కూర్చుంటారు, గుడి కప్పు మాత్రం కారుతూనే ఉంటుంది.

గుంటూరుకు 1842లో వచ్చిన హయ్యర్ దొరగారు పుట్టింది ఈ జర్మనీలోనే, హెల్మ్‌స్టెట్‌లో. ఆయన ప్రొటెస్టెంట్లలో లూథరన్ శాఖ మిషనరీ, నేను కాథలిక్. అయినా గుంటూరు జిల్లావాణ్ణి కదా, ఆయన గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు?

తిండి సంగతి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. రాత్రిళ్ళు పొయ్యి వెలిగించరు, బ్రెడ్డు, జున్ను, చల్లటి మాంసం ముక్కలు. అమ్మ కట్టి ఇచ్చిన ఆవకాయ బ్రెడ్డు మీద రాసుకుని తింటున్నాను. ఆదివారం షాపులు మూసేస్తారు కాబట్టి పాలైనా శనివారమే తెచ్చుకోవాలి.

విచారణ గురువుగారికీ నాకూ కలిపి నాలుగు ఊళ్ళు. మొదటి ఆదివారాలన్నీ ఒకేలా గడిచాయి. పొడవాటి చెక్క బెంచీలు, కోట్లు విప్పకుండా అక్కడొకరు ఇక్కడొకరుగా కూర్చున్న ముసలివాళ్ళు. నా ప్రసంగం వాళ్ళకు ఎంత అర్థమైందో మొహాలు చూసి కనిపెట్టడం కష్టం.

నవంబరు 1న సకల పునీతుల పండుగ. మధ్యాహ్నం సమాధులు దీవించాలన్నారు. గుడి పక్కనున్న శ్మశానంలోకి అడుగుపెడితే కాలు పెట్టే చోటు లేదు! గుడి గడప తొక్కనివాళ్ళు కూడా వచ్చారు, ఎక్కడో మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేసేవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఏ కుటుంబం వాళ్ళ సమాధి దగ్గర ఆ కుటుంబం నిలబడింది. ప్రతి సమాధి మీదా తాజా చామంతులు, గాలికి ఆరిపోకుండా మూతలున్న ఎర్ర దీపాలు. ఊరి బ్యాండువాళ్ళు వాయిస్తుంటే నేను వరసల మధ్య నడుస్తూ పవిత్ర జలం చల్లాను. చలికి వేళ్ళు కొయ్యబారిపోయి, చల్లే కుంచె ఎటు తిరుగుతోందో తెలియలేదు. మనకు నవంబరు 2న సమాధుల పండుగ. బంతిపూలు, కొవ్వొత్తులు, సాంబ్రాణి, సందులో శనగలమ్మే బండి. ఇక్కడ శనగలు లేవు, అంతే తేడా. జర్మనీ వచ్చాక నాకు తెలిసిన పని చేస్తున్నానని అనిపించింది ఆ రోజే.

అంతా అయ్యాక ఒక పెద్దావిడ నా చేతులకేసి చూసి, "గ్లోవ్స్ లేవా ఫాదర్?" అని అడిగారు. చనిపోయిన తన భర్తవి ఉన్ని గ్లోవ్స్ మర్నాడు తెచ్చి ఇచ్చారు. మూడో ఊరికి ఆదివారం పొద్దున బస్సు లేదని, మన లైసెన్సు ఇక్కడ ఆరు నెలలే చెల్లుతుందని, మంచు రోడ్ల మీద కారు నడపడానికి నాకింకా ధైర్యం చాలడం లేదని చెప్పాను. "నేను తీసుకెళ్తాను" అన్నారు.

అప్పటి నుంచీ ఆవిడ కారులోనే వెళ్తున్నాను. ఊరు దాటితే గంటకు 100 కిలోమీటర్ల దాకా వెళ్ళొచ్చని ఇక్కడి రూలు. ఆవిడ అందులో ఒక్క కిలోమీటరు కూడా వదులుకోరు.