అప్పియా బాట మీద ఎగిరెగిరి పడ్డ సైకిల్

రోమ్‌లో సెసీలియా మెటెల్లా సమాధి దాటగానే సైకిల్ దిగి నడిపించుకెళ్లాల్సి వచ్చింది. అద్దె ముక్కుపిండి వసూలు చేసినవాడు రాళ్ల సంగతి మాటమాత్రం చెప్పలేదు. రోమన్ల కాలంనాటి పాత దారి వియా అప్పియా మీది నల్లరాళ్లు బోర్లించిన గిన్నెల్లా ఉన్నాయి, సందుల్లో టైరు దిగబడిపోతోంది. 118 బస్సెక్కి వెనక్కి పోదామా అనిపించింది.

రోమన్లు ఇంత ఎగుడుదిగుడుగా వేశారా? వేయలేదు. క్రీ.పూ. 312లో అప్పియస్ క్లాడియస్ అనే రోమన్ అధికారి ఈ దారి మొదలుపెట్టించాడు. రోమ్ దగ్గరి బోవిల్లె ఊరి దాకా నల్లరాయి పరిచింది మాత్రం క్రీ.పూ. 293లో అని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. రాయి కోసం దూరం పోనక్కర్లేదు, ఆ సమాధి నిలబడ్డదే పాత లావా ప్రవాహం కొస మీద. ఒక్కో బండకూ పై ముఖం చదునుగా చెక్కి, అడుగుభాగం మేకులా సన్నం చేసి, పక్కబండకు ఒరుసుకునేలా దిగ్గొట్టారు. దారి వెడల్పు 14 రోమన్ అడుగులు, అంటే దాదాపు 4.1 మీటర్లు. రెండు బండ్లు ఎదురైనా తప్పుకుంటాయి.

సందుల్లోని పొడి వానకు కొట్టుకుపోవడంతో పాడవడం మొదలవుతుంది. పట్టు పోయిన బండ ఒరుగుతుంది, పైకి లేచిన అంచును చక్రాలు అరగదీస్తాయి. అలా అరిగి అరిగి వచ్చిందే ఈ గిన్నె ఆకారం. అంచురాళ్లు ఊడిన చోటైతే మరీ అన్యాయం, వరసకు వరస పక్కకు జారిపోయింది.

రోమన్ దారులన్నిటికీ కింద నాలుగు పొరలుంటాయని చాలామంది అప్పజెబుతారు. పిడికెడు రాళ్లు, మూడుపాళ్ల కంకరకు ఒకపాలు సున్నం, ఆపైన ఇటుకపొడి సున్నం అని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పింది ఇంటి నేలల గురించి! దారి అడుగున ఏం వేయాలో అక్కడి మట్టిని బట్టి మారేది.

తర్వాతి రెండు రోజులు మ్యూజియంలకే సరిపోయాయి. చివరి రోజు ఒక ఇరుకు వీధిలో గుంత పూడుస్తూ సాంపియెట్రీనీ అనే రోమ్ వీధిరాళ్లను పేరుస్తున్నారు. పై ముఖం 12 సెంటీమీటర్ల చదరం, లోతు 18, కిందికి సన్నబడే రాళ్లు. ఇసుకలో నిలబెట్టి సుత్తితో దిగ్గొడుతున్నారు. పక్కనే ఎవరో ఎప్పుడో సందుల్లో సిమెంటు పోసిన ముక్క ఉంది. అదంతా పగుళ్లే. నేల కాస్త కుంగినా ఇసుక సందులు సర్దుకుంటాయి, సిమెంటు సర్దుకోదు, పగులుతుంది. ఆ పగుళ్లలోంచి దిగిన నీరు రాళ్ల కింది పరుపును మెత్తబరుస్తుంది.

తోటలో బాట వేసేవాళ్లు కూడా సరిగ్గా ఈ అడుగు పరుపు దగ్గరే బోల్తాపడతారు. నడకబాటకు 100 నుంచి 150 మిల్లీమీటర్ల కంకర కావాలి. దాన్ని ఒక్కసారే గుమ్మరించకుండా, 75 మిల్లీమీటర్ల చొప్పున తడిపి దిమ్మిస కొట్టాలి. బంకమట్టి అయితే ముందు జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి, లేకపోతే కంకర మట్టిలోకి దిగిపోతుంది. ఆపైన గరుకిసుక 25 నుంచి 30 మిల్లీమీటర్లే. కంకరలో మిగిలిన పల్లాలను ఇసుకతో కప్పేస్తే ఆర్నెల్లలో అక్కడే గుంత పడుతుంది. క్రషర్ డస్టు వద్దు, నీటిని పట్టి ఉంచుతుంది. మీటరుకు రెండు సెంటీమీటర్ల వాటం, అదీ గోడకు దూరంగా. అంచురాయి గట్టిగా పాతనిదే పని మొదలుపెట్టొద్దు.

పేవర్ బ్లాకులైతే నడకకు 60 మిల్లీమీటర్ల మందం, కారుకు 80. కారు తిరిగే చోట చేపముల్లు అల్లికే వేయాలి. నిలువు వరసలు చక్రం మెలికకు జరిగిపోతాయి. సందు 2 నుంచి 5 మిల్లీమీటర్లు. పొడి ఇసుక ఊడ్చి, నేలను అదిమే కంపాక్టర్ యంత్రం నడిపి, సందులు నిండేదాకా మళ్లీ ఇసుక ఊడ్చాలి.

రోమ్‌లో ఆ ఇరుకు వీధిలో పనివాడు పేర్చిన ప్రతి రాయినీ సుత్తితో తట్టి వింటున్నాడు. ఖంగుమంటే పక్క రాయికి పోతున్నాడు. డొల్లగా మోగితే పెకలించి, గుప్పెడు ఇసుక పోసి, మళ్లీ దిగ్గొడుతున్నాడు.